పలుపు తాడు

"నా కణాలు బయటికి రామంటున్నాయటే. అవీ నాలాగే మొండివి," అంది అక్క, ఫోన్లో నవ్వుతూ.

నవ్వే పరిస్థితి కాదు. నాలుగు రోజులుగా పొట్ట మీద ఇంజెక్షన్లు పొడుస్తున్నారు. జీసీఎస్ఎఫ్ అనే మందు. నడుము, తొడ ఎముకలు లోపల్నించి పగులుతున్నట్టు నొప్పి. అక్కకి మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో పెరిగే రక్త క్యాన్సర్. ముందు ఆమె మూలకణాలు ఆమె రక్తంలోంచే తీసి దాచిపెడతారు. తర్వాత మెల్ఫలాన్ అనే కీమో మందు పెద్ద మోతాదులో ఇస్తారు. అది క్యాన్సర్‌తో పాటు మజ్జనీ తుడిచేస్తుంది. అప్పుడు దాచిన కణాలు తిరిగి ఎక్కిస్తారు.

అసలు ఇబ్బంది మొదటి మెట్టులోనే వచ్చింది. మూలకణాలు ఉండేది మజ్జలో. రక్తంలో తిరిగేవి ఎప్పుడూ లెక్కకి రానన్నే. వాటిని రక్తంలోకి రప్పించడానికే ఆ నాలుగు రోజుల ఇంజెక్షన్లు. ఐదో రోజు పొద్దున లెక్క చూస్తే మైక్రోలీటరు రక్తానికి 6 మూలకణాలు. ఇరవై దాటితే నిశ్చింత. పది కూడా లేకపోతే రక్తంలోంచి కణాలు తీసే మెషిన్ మీద పడుకోబెట్టడమే దండగ అన్నారు.

సాయంత్రం డాక్టరు గారు ఇంకో ఇంజెక్షన్ ఉందన్నారు. ప్లెరిక్సాఫర్. దాని ఖరీదు విని బావగారు ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత చెప్పులేసుకుని మందుల షాపుకి వెళ్ళారు. చిటికెన వేలంత సీసా, అందులో చెంచాడు కూడా లేని నీళ్ళలాంటి మందు. కిలో బరువుకి 0.24 మిల్లీగ్రాముల లెక్కన రాత్రి తొమ్మిదింటికి చర్మం కింద ఇచ్చారు. పొద్దున ఎనిమిదింటికి మెషిన్. మధ్యలో 11 గంటలు.

పొద్దున లెక్క 34.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకి జువాలజీ చెప్పబట్టి ఇరవై రెండేళ్ళు. సింగర్, నికల్సన్ 1972లో ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా బొమ్మ నిద్రలో లేపినా గీస్తాను. కొవ్వు పొరలో అక్కడక్కడా బంగాళాదుంపల్లా ప్రోటీన్లు గుచ్చుకుని ఉంటాయి కదా, ఆ బొమ్మ. "రెండు మార్కుల ప్రశ్న, నీట్‌లో కూడా వస్తుంది," అని చెప్పి ముందుకెళ్ళిపోయేదాన్ని. ఆ బంగాళాదుంపల్లో ఒకదాన్ని రాత్రికి రాత్రి నొక్కిపెడితే మా అక్క మంచం మీద లెక్క మారిపోయింది. నాలుగు రోజుల ఇంజెక్షన్లు సాధించలేనిది ఒక్క రాత్రిలో అయింది. అంటే నేను ఇన్నేళ్ళూ బొమ్మ చెప్పానే గానీ సంగతి చెప్పలేదు.

ఆ సంగతి ఇప్పుడు చెప్తాను. దాన్ని పట్టుకుని ఒక గొడవ కూడా పెట్టుకోవాలి, మూలకణాలు అమ్మేవాళ్ళతో.

ఆ ప్రోటీన్ పేరు సీఎక్స్‌సీఆర్4. పేరు బండి నంబరులా ఉంటుంది, ఏం చేస్తాం. 352 అమైనో ఆమ్లాల గొలుసు అది. కణం పొరని సూదీ దారంలా ఏడుసార్లు కుట్టుకుంటూ పోతుంది. బయట వైపు ఒక మొన, లోపలి వైపు ఒక తోక. బయటి మొనకి ఒంట్లో ప్రధానంగా తగులుకునే అణువు: ఎస్‌డీఎఫ్-1. మజ్జలో సన్నటి రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉండే కణాలు దీన్ని వదులుతూ ఉంటాయి. పొయ్యి మీద చారుకి తాలింపు వేస్తే వాసన వంటింట్లో ఘాటుగా, వీధి గుమ్మం దగ్గర పల్చగా ఉంటుందే, అలాగ మజ్జ దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మూలకణం తన పైనున్న సీఎక్స్‌సీఆర్4తో ఆ తేడా పసిగడుతుంది. ఘాటు ఎటుంటే అటు దాని లోపలి అస్థిపంజరం సాగుతుంది. రక్తనాళం గోడకి ఇంటిగ్రిన్లు అనే అతుక్కునే ప్రోటీన్లతో గట్టిగా అతుక్కుంటుంది, సందు చూసుకుని దూరుతుంది, మజ్జలోకి వెళ్ళి కూచుంటుంది.

ఇంతవరకూ ఎవరు చెప్పినా ఇలాగే చెప్తారు. 'హోమింగ్' అంటారు, సొంతింటికి చేరడం. వినడానికి ముచ్చటగా ఉంటుంది. సాయంత్రం దూడ తల్లి వాసన పట్టి పరిగెత్తుకొచ్చినట్టు. కానీ మా ఊళ్ళో గేదెలున్న ఇంట్లో పెరిగిన దాన్ని కాబట్టి నాకు ఇంకోటి గుర్తొస్తుంది. గేదె కొట్టంలో ఉండేది వాసన వల్ల కాదు, పలుపు తాడు వల్ల. సీఎక్స్‌సీఆర్4 చేసే ముఖ్యమైన పని దారి చూపడం కంటే కట్టిపడేయడం. మజ్జలో కూచున్న మూలకణాన్ని అక్కడే ఉంచేది అదే ప్రోటీన్, అదే ఎస్‌డీఎఫ్-1. ప్లెరిక్సాఫర్ చేసేది ఆ రెండిటి మధ్యలో దూరి పలుపు విప్పడం. అక్క కణాలు మొండివి కాదు, గట్టిగా కట్టేసి ఉన్నాయి. జీసీఎస్ఎఫ్ కూడా చేసేది దాదాపు అదే, కాకపోతే దొడ్డిదారిన: మజ్జలో ఎంజైముల్ని రేపి, ఎస్‌డీఎఫ్-1ని తగ్గించి, గుంజని నెమ్మదిగా కదిలిస్తుంది. అందుకే నాలుగైదు రోజులు పడుతుంది.

ఈ మందు పుట్టిన కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరూ మూలకణాల కోసం దీన్ని వెతకలేదు. బెల్జియంలోని లూవెన్‌లో ఎరిక్ డి క్లెర్క్ బృందం ఎయిడ్స్ వైరస్‌ని ఆపే రసాయనాల కోసం జల్లెడ పడుతోంది. సైక్లామ్ అనే రసాయనం ఒక సరుకులో పనిచేసినట్టు కనిపించింది. తీరా చూస్తే పనిచేసింది సైక్లామ్ కాదు, అందులో కలిసిన కల్తీ! రెండు సైక్లామ్ ఉంగరాలు అతుక్కున్న అణువు అది. దాన్ని మెరుగుపరచగా వచ్చిందే ఏఎండీ3100, ఇప్పటి ప్లెరిక్సాఫర్. అది వైరస్‌ని ఎలా ఆపుతోందో మొదట అంతుపట్టలేదు. 1996లో అమెరికాలో ఎడ్వర్డ్ బర్గర్ బృందం ఎయిడ్స్ వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే రెండో తలుపుని కనిపెట్టి 'ఫ్యూసిన్' అని పేరు పెట్టింది. అదే సీఎక్స్‌సీఆర్4. మందు ఆ తలుపుకి అడ్డం పడుతోందని మరుసటి ఏడు తేలింది.

ఎయిడ్స్ మందుగా అది పైకి రాలేదు. నోటితో మింగితే ఒంటికి పట్టదు, వైరస్ మీద ప్రభావమూ అంతంత మాత్రం. కానీ ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి ఇచ్చి చూసినప్పుడు వాళ్ళ రక్తంలో తెల్లకణాలు ఉన్నట్టుండి పెరిగాయి. వేరేవాళ్ళయితే సైడ్ ఎఫెక్ట్ అని ఒక గడిలో రాసి ఊరుకునేవాళ్ళు. వీళ్ళు ఆ కణాలు ఎక్కణ్ణించి వచ్చాయని అడిగారు. వచ్చినవాటిలో మూలకణాలూ ఉన్నాయి. 2008 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మైలోమా, నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా (ఇంకో రకం రక్త క్యాన్సర్) రోగుల్లో మూలకణాలు బయటికి రప్పించడానికి అనుమతించింది. కల్తీలోంచి పుట్టి, ఒక జబ్బు దగ్గర ఫెయిలై, ఇంకో జబ్బు దగ్గర కుదురుకుంది. మా కాలేజీలో ఇలాంటి పిల్లలు ఏటా ఇద్దరైనా ఉంటారు.

మెషిన్ దగ్గరి ఐదు గంటలు నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తున్నాయి. ఒక గొట్టంలో రక్తం బయటికి, ఇంకో గొట్టంలో లోపలికి. మధ్యలో గిన్నె గిర్రున తిరుగుతూ తెల్లకణాల పొరని వేరు చేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు, అది ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. గంటకల్లా అక్క పెదాలు జివ్వుమంటున్నాయంది. సిస్టర్ కాల్షియం సీసా తగిలించింది. పైన వేలాడే సంచిలో చుక్క చుక్కగా చేరుతున్నది పల్చటి టమాటా రసంలా ఉంది. "ఇంతేనా?" అంది అక్క. ఆమె బరువులో కిలోకి 34 లక్షల మూలకణాలు వచ్చాయి అందులో. కనీసం కావలసింది 20 లక్షలు.

ఆ సంచి దగ్గర కూచుని ఉండగానే బాబాయి దగ్గర్నించి ఫోను. ఇక్కడే నా గొడవ మొదలవుతుంది.

బాబాయికి మూడేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. కాలు కొంత కుదుటపడింది, చెయ్యి పడలేదు. ఊళ్ళో ఎవరో చెప్పారని ఒక క్లినిక్‌కి వెళ్ళాడు, నాకు చెప్పకుండా. పేరెందుకు గానీ, ఏసీ హాలు, గోడ మీద మెరిసే డీఎన్ఏ బొమ్మ. మూలకణాలు చేతి నరంలోకి ఎక్కిస్తే అవే మెదడులో దెబ్బతిన్న చోటు వెతుక్కుంటూ వెళ్ళి బాగుచేస్తాయన్నారట. మూడు లక్షలు కట్టాడు. "చెయ్యి కాస్త తేలికైనట్టుందమ్మా," అంటాడు బాబాయి. పిన్ని మాత్రం నేల చూపులు చూస్తుంది.

"అక్కకి కూడా చేతి నరంలోకే కదా ఎక్కించేది? అవి ఎముకల్లోకి పోతాయని నువ్వే చెప్పావుగా. మరి నావి మెదడుకి ఎందుకు పోవు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ క్లినిక్ డబ్బు చేసుకునేది ఈ పోలిక మీదే. నిజంగా పనిచేసే వైద్యం ఒకటుంది, దాని నీడలో ఇది బతుకుతోంది.

తప్పు నాలోనూ ఉంది. "మూలకణాలు దెబ్బ తగిలిన చోటికి వెళ్ళి బాగుచేస్తాయి" అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వాక్యం బావుంటుంది, పిల్లలు రాసుకుంటారు. కణానికి దెబ్బ ఎక్కడుందో తెలియదు. దానికి తెలిసింది పిలుపు ఎటు నుంచి వస్తోందన్నదే, అదీ ఆ పిలుపు వినే ప్రోటీన్ దాని ఒంటి మీద ఉంటేనే.

దీన్ని జీబ్రాఫిష్ పిండాల్లో చక్కగా చూశారు. ఆ చేపపిల్లలో బీజకణాల మూలకణాలు ఒకచోట పుట్టి, పిండం అంతా నడిచి, బీజాశయం ఏర్పడే చోటికి చేరతాయి. సీఎక్స్‌సీఆర్4 తీసేస్తే దారి తప్పి ఎక్కడెక్కడో తేలతాయి. అంతకంటే గమ్మత్తేమిటంటే, ఎస్‌డీఎఫ్-1ని కావాలని వేరేచోట పుట్టిస్తే బుద్ధిగా అటే వెళ్ళిపోతాయి. అక్కడ తమతో ఎవరికి పని, ఏం పని అని అడగవు. పిలుపు వచ్చింది, పోయాయి. ఎయిర్‌పోర్టులో పేరు రాసిన అట్టముక్క పట్టుకున్నవాడి వెనక పోయినట్టు.

మనుషుల రక్త మూలకణాలకీ అంతే. 1999లో ఇజ్రాయెల్‌లో త్స్వీ లాపిడోట్ బృందం మనిషి మూలకణాల్ని రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఎక్కించి చూసింది. సీఎక్స్‌సీఆర్4ని యాంటీబాడీతో మూసేస్తే ఆ కణాలు మజ్జలో స్థిరపడలేదు. కణాలు అవే, ఎలుకలూ అవే, పైనున్న ఆ ఒక్క ప్రోటీనే మూతపడింది.

ఇప్పుడు బాబాయికి ఎక్కించిన కణాల సంగతి. ఇలాంటి క్లినిక్‌లు ఎక్కువగా ఎక్కించేది రక్త మూలకణాల్ని కాదు, మెసెంకైమల్ కణాలు అనే వేరే జాతిని. కొవ్వులోంచో బొడ్డుతాడులోంచో తీసి, ల్యాబులో గిన్నెల్లో పెంచుతారు. గిన్నెలో పెరిగేకొద్దీ వీటి పై పొర మీద సీఎక్స్‌సీఆర్4 తగ్గిపోతుంది. పైగా ఇవి లావుపాటి కణాలు, 15 నుంచి 30 మైక్రాన్లు. చేతి నరంలో ఎక్కించిన ఏ కణమైనా గుండెకి వెళ్ళి, అక్కణ్ణించి ముందు ఊపిరితిత్తులకే పోవాలి. అక్కడి సన్న నాళాల వెడల్పు పది మైక్రాన్లు కూడా ఉండదు. అందుకని ఎక్కువ భాగం అక్కడే ఇరుక్కుంటాయి. పరిశోధకులు గుర్తులు పెట్టి జంతువుల్లో ఎన్నోసార్లు చూసిన సంగతి ఇది. చెయ్యి కోసం మూడు లక్షలు కడితే సరుకు ఊపిరితిత్తుల్లో దిగింది.

ఆ క్లినిక్ వాళ్ళ కరపత్రం పూర్తిగా అబద్ధమని నేననను. రక్తం అందక కమిలిన చోట ఎస్‌డీఎఫ్-1 నిజంగానే పెరుగుతుంది, మెదడులో కూడా. ఆక్సిజన్ తగ్గితే దాని జన్యువు మేలుకుంటుందని 2004లోనే చూపించారు. కాకపోతే అది దెబ్బ తగిలిన తొలి రోజుల మాట, తొలి వారాల మాట. మూడేళ్ళ తర్వాత అక్కడ మిగిలేది మచ్చ. పిలిచేవాడు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడు, వినే చెవి గిన్నెలో అరిగిపోయింది, దారి మధ్యలో వంతెన ఇరుకు. ఇవన్నీ దాటి వెళ్ళినా అక్కడ న్యూరాన్‌గా మారుతుందన్న నమ్మకం లేదు. ఆ కణాలు వదిలే రసాయనాలతో దూరాన్నించే మేలు జరగొచ్చని కొందరు పరిశోధకులు అంటారు, దాని మీద ట్రయల్స్ జరుగుతున్నాయి. మంచిదే. అలాగైతే కరపత్రంలో "వెతుక్కుంటూ వెళ్తాయి" అని ఎందుకు రాశారు? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తున్నాయి: రక్త జబ్బులకి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలే, ట్రయల్స్‌లోనే చెయ్యాలి.

"అయితే ఆ ప్రోటీన్ ఎక్కువ పెట్టి పంపితే పోదా?" అని మా కొలీగ్, ఫిజిక్స్ మేడమ్ అడిగింది. ల్యాబుల్లో ఆ ప్రయత్నాలూ ఉన్నాయి. ఎక్కువైతే మంచిదే అనుకోవడానికి కూడా వీల్లేదని చెప్పే జబ్బు ఒకటుంది, విమ్ సిండ్రోమ్. అందులో సీఎక్స్‌సీఆర్4 లోపలి తోక తెగిపోతుంది, చాలామందిలో చివరి 19 అమైనో ఆమ్లాలు పోతాయి. ఆ తోక పిలుపుని ఆపే స్విచ్చి లాంటిది. అది లేకపోతే పిలుపు మోగుతూనే ఉంటుంది. తెల్లకణాలు మజ్జ వదిలి రావు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్లు తిష్ఠ వేస్తాయి. పలుపు మరీ బిగుసుకున్న కొట్టం అన్నమాట.

ఈ జబ్బుతో వైద్య పత్రికలకెక్కిన మొదటి రోగి ఒక చిన్నపిల్ల, 1964లో. దశాబ్దాల తర్వాత యాభై దాటిన వయసులో ఆమే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ డాక్టర్ల దగ్గరికి వచ్చి, చాలా ఏళ్ళుగా నాకు జబ్బే లేదంది. 2015లో వాళ్ళు బయటపెట్టిన కారణం చదివి నేను స్టాఫ్ రూములో పైకే "అబ్బా!" అన్నాను. ఆమె మజ్జలో ఒకే ఒక్క మూలకణంలో రెండో క్రోమోసోమ్ పగిలి ముక్కలై, ఎలాగో మళ్ళీ అతుక్కుంది. ఆ పగుళ్ళలో చెడ్డ సీఎక్స్‌సీఆర్4 జన్యు ప్రతి (ఉండే రెండిట్లో ఒకటి) రాలిపోయింది, దాంతో పాటు ఇంకో 163 జన్యువులు కూడా. మామూలుగా అలా పగిలిన కణం చావాలి, లేదా క్యాన్సర్ కావాలి. ఇది మాత్రం పిల్లల్ని పెట్టి, ఆమె రక్తంలో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల్ని తన సంతానంతో నింపేసింది. ప్రోటీన్ సగమైతే జబ్బు నయమైంది.

ఇంకో మాట కూడా ఈ అమ్మేవాళ్ళు చెప్పరు. ఈ పిలుపు మంచి కణాలకే కాదు. 2001లో రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఇదే సీఎక్స్‌సీఆర్4 ఎక్కువగా ఉందని, అవి పాకే ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు, లింఫు గ్రంథుల్లో ఎస్‌డీఎఫ్-1 ఎక్కువగా ఉందని చూపించారు. అక్క మైలోమా కణాలు మజ్జ పట్టుకుని వదలకపోవడానికీ ఇదే పలుపు. కొట్టంలో గేదె, కొట్టంలో పాము, రెండూ ఒకే వాసనకి వచ్చినట్టు. కణాలు ఒంట్లో తిరగడం దానంతటదే శుభం కాదు.

అందుకని ఎవరైనా "మూలకణాలు ఎక్కిస్తాం" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న అవి ఏం చేస్తాయని కాదు. అక్కడికి ఎలా పోతాయి? వాటి మీద ఏ ప్రోటీన్ ఉంది, అక్కడ దాన్ని పిలిచేది ఏముంది, చేరాయని మీరు ఎలా చూశారు? అక్క విషయంలో ఈ మూడిటికీ డాక్టరు గారు మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో జవాబు చెప్పారు. చేరినట్టు ఎలా తెలుస్తుందంటే, "పదో రోజు నుంచి బ్లడ్ రిపోర్టు చూడండి మేడమ్, అదే చెప్తుంది," అన్నారు.

కణాలు ఎక్కించిన రోజు గదంతా ఉడికిన మొక్కజొన్నకి వెల్లుల్లి తగిలినట్టు వాసన. గడ్డకట్టించి దాచేటప్పుడు కలిపే డీఎంఎస్ఓ వాసన అది, ఊపిరిలోంచి వస్తుంది. అంతకుముందు మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపూ నోరు పూసిపోకుండా అక్క ఐసు ముక్కలు చప్పరిస్తూనే ఉంది. "చిన్నప్పుడు ఐసు తింటే అమ్మ కొట్టేది, ఇప్పుడు తినకపోతే సిస్టర్ తిడుతోంది," అంది. సంచి ఖాళీ అవడానికి పావుగంట. చేతి దగ్గర పెట్టిన గొట్టంలోంచి లోపలికెళ్ళిన కణాలు కొన్ని గంటల్లో మజ్జ చేరతాయి. ప్లెరిక్సాఫర్ ప్రభావం ఎప్పుడో తీరిపోయింది, పలుపు మళ్ళీ పలుపే. ఆ పది రోజులూ మాకు టెన్షనే. తెల్లకణాలు వంద, వంద, యాభై, వంద. పదకొండో రోజు 700. బావగారు ఆ రిపోర్టు ఫోటో తీసి మా అందరికీ పంపారు, కింద ఏమీ రాయకుండా.

ఆ వారమే బాబాయి మళ్ళీ ఫోన్ చేశాడు. రెండో డోసు వేయించుకుంటే చెయ్యి పూర్తిగా వస్తుందంటున్నారట. నేను వద్దనలేదు. వద్దంటే వినడు, పైగా ఆశ మీద నీళ్ళు చల్లిందాన్నవుతాను. "ఒక్క ప్రశ్న అడుగు బాబాయ్, రాసుకో," అన్నాను. పిన్ని క్యాలెండరు తిప్పి వెనక్కి పట్టుకుంటే, కుడిచేత్తో తెలుగులోనే రాసుకున్నాడు: ఎక్కించే కణాల మీద సీ ఎక్స్ సీ ఆర్ నాలుగు ఎంత శాతం ఉంది, అవి మెదడుకి చేరినట్టు నాకు ఏం చూపిస్తారు?

రెండు రోజుల తర్వాత తనే చేశాడు.

"అడిగానమ్మా."

"ఏమన్నారు?"

"నెలాఖరు లోపు కడితే ఇరవై శాతం తగ్గిస్తామన్నారు."